పాత టేపులు, వెడల్పు తెర, ముందు వరుస

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. కంభం చెరువు కింద పల్లె మాది. ఇంటర్ ఎం.పి.సి. పాసయి 1987లో భర్తీ అయ్యాను. ఇరవై ఎనిమిదేళ్ళు సిగ్నల్స్‌లో తీగలు లాగి, సెట్లు మోసి, 2015లో సుబేదార్‌గా పెన్షన్ వచ్చాను. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఇంట్లో ఒక చిన్న గదిలో కంప్యూటరు పెట్టుకుని, తెలిసినవాళ్ళ పాత వీడియో క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తూ ఉంటాను. వ్యాపారం కాదు, కాలక్షేపం. పెన్షన్ వచ్చినవాడు ఊరికే కూర్చుంటే ఇంట్లో వాళ్ళకి కష్టం కదా!

పోయిన నెల మన కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "సాబ్, స్టోర్‌రూములో నల్ల ట్రంకు పెట్టె ఉంది. అందులో మన సంఘం పాత టేపులు 31 ఉన్నాయి. హాల్లో కొత్తగా పెద్ద టి.వి. పెట్టించాం. టేపులన్నీ ఆ తెర నిండా వచ్చేలాగా వైడ్‌స్క్రీన్ చేయించి, పెన్ డ్రైవుల్లో అందరికీ పంచుదామని కమిటీ అనుకుంటోంది. ఆ తర్వాత ట్రంకు ఖాళీ చేసేయొచ్చు. మీరొచ్చి ఎలా చెయ్యాలో చెప్పండి" అన్నారు.

సరే అన్నాను. రైలెక్కి ఇటార్సీ మీదుగా జబల్‌పూర్ వచ్చేశాను. అయితే ఎలా చెయ్యాలో చెప్పే ముందు, ఎలా చెయ్యకూడదో నేను చేసి చూసిన సంగతి చెప్పాలి. అది మీలో కొందరికి తెలుసు. తెలిసినవాళ్ళు మర్యాదకి నోరు విప్పలేదు. ఈవేళ నేనే చెబుతాను.

1997లో నేను ఇక్కడే పోస్టింగులో ఉన్నాను, నాయక్‌ని. ఆ సంవత్సరం ఈశ్వర నామ సంవత్సర ఉగాది బాగా చేశాం. వేపపువ్వు ఇక్కడి చెట్లదే. బెల్లం, చింతపండు సెలవు నుంచి వచ్చినవాళ్ళు తెచ్చారు. సదర్ బజార్లో పెళ్ళి వీడియోలు తీసే ఆయన దగ్గర ఒక వి.హెచ్.ఎస్. కెమెరా అద్దెకి తెచ్చాం. భుజం మీద పెట్టుకునే బరువు కెమెరా. సిగ్నల్స్ వాడు గనక వీడికి మిషన్లు తెలుస్తాయని ఆ బరువు నా భుజాన పెట్టారు.

చివర్లో గ్రూపు. మీకు తెలుసు కదా, మన గ్రూపు ఎలా ఉంటుందో. మధ్యలో కుర్చీల్లో ఆఫీసర్లు, జె.సి.ఓ.లు, వాళ్ళ ఇంటివాళ్ళు. వెనక బెంచీల మీద నిలబడి హవల్దార్లు, నాయక్‌లు. వాళ్ళ తలల పైన సంఘం బ్యానరు. ముందు నేల మీద జంపఖానా పరిచి, దాని మీద బాసింపట్టు వేసుకుని కుర్రాళ్ళు, అంటే కొత్తగా వచ్చిన సిపాయిలు. ఆ రోజుల టి.వి. తెర ఇంచుమించు చదరం. అందుకని పైన బ్యానరు, కింద కుర్రాళ్ళ మోకాళ్ళు, రెండూ అంచులకి సరిగ్గా సరిపోయేలా పట్టించాను. కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఒక్కడు కూడా బయట పడలేదని.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. విసుక్కోకండి, చిన్న లెక్కే.

పాత తెర కొలత 4:3. వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. మొదట్లో ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ అనే ఆయన 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద పెట్టుకున్న కొలత అది. తర్వాత సినిమాలూ, వాటి వెనక టెలివిజనూ అదే పట్టుకున్నాయి. 1982లో ఏషియాడ్ సంవత్సరం దూరదర్శన్‌లో రంగులు వచ్చినప్పుడు కూడా బొమ్మ ఆకారం అదే. టి.వి. ఇంటింటికీ రావడంతో సినిమావాళ్ళు జనాన్ని హాళ్ళకి రప్పించడానికి తెరని వెడల్పు చేశారు. 1953లో హాలీవుడ్‌లో 'ది రోబ్' సినిమాస్కోప్‌లో వచ్చింది. మన తెలుగులో 1974లో కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' మొదటి సినిమాస్కోప్ చిత్రం. నేను అప్పుడు చిన్నపిల్లాణ్ణి. తర్వాతెప్పుడో ఊళ్ళో టూరింగ్ టాకీసులో చూశాను.

అలా రకరకాల వెడల్పులు పుట్టాయి. 1980లలో అమెరికాలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు, ఆ వెడల్పులన్నిటినీ ఒకే వైశాల్యం ఉండేలా దీర్ఘచతురస్రాలుగా తయారుచేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడు. అన్నీ ఇమిడే బయటి చట్రం, అన్నిటికీ ఉమ్మడిగా మిగిలే లోపలి చట్రం, రెండూ ఒకే కొలతకి వచ్చాయి. అదే 16:9. మన హాల్లో పెట్టిన కొత్త టి.వి. కొలత అదే. అంటే అది రాజీ కొలత. ఎవరికీ సరిగ్గా సరిపోదు, అందరినీ సర్దుకోమంటుంది.

ఇప్పుడు హై డెఫినిషన్ తెరలో అడ్డంగా 1920 చుక్కలు, నిలువునా 1080. పాత 4:3 బొమ్మని 1080 ఎత్తుకి పెంచితే దాని వెడల్పు 1440 అవుతుంది. ఇంకా 480 మిగిలింది. ఎడమ పక్క 240, కుడి పక్క 240 ఖాళీ. గొడవంతా ఈ ఖాళీ గురించే. దాన్ని చూసి మనవాళ్ళకి మనసొప్పదు. ఇంత డబ్బు పోసి పెద్ద టి.వి. కొంటే పక్కన నల్ల పట్టీలేంటి అంటారు.

ఆ ఖాళీ పూడ్చడానికి మొదటి దారి, బొమ్మని పక్కలకి సాగదీయటం. 2019లో మీ వార్షికోత్సవానికి ఆ 1997 ఉగాది టేపు వేద్దామని నన్ను అడిగారు. నా దగ్గర అసలు టేపు ఉంది గనక కంప్యూటర్లోకి ఎక్కించి ముందు ఈ పనే చేశాను. 1440ని 1920 చేశాను. మూడింట ఒక వంతు వెడల్పు పెరిగింది. మా ఆవిడ టీ పట్టుకొచ్చి తెర చూసి, "ఏమండీ, మీ వాళ్ళందరికీ ఒకేసారి గవదలు వచ్చాయా?" అంది. నవ్వుకున్నాం. కానీ నా నవ్వు ఒక చోట ఆగిపోయింది. వేదిక మీద జాతీయ జెండా ఉంది. మన జెండా కొలత మూడుకి రెండు, అది ఫ్లాగ్ కోడ్‌లో ఉంది. మూడుని మూడో వంతు పెంచితే నాలుగు. నా తెర మీద జెండా నాలుగుకి రెండు అయిపోయింది. మధ్యలో అశోక చక్రం కోడిగుడ్డులా తయారయింది. యూనిఫాం విప్పేసినంత మాత్రాన అది చూసి ఊరుకోలేం కదా. ఆ దారి వదిలేశాను.

మీకు కూడా ఇదే పరీక్ష చెబుతున్నాను. బొమ్మ సాగిందో లేదో అనుమానం వస్తే గుండ్రంగా ఉండాల్సినదాన్ని చూడండి. గోడ గడియారం, భోజనం పళ్ళెం, సైకిలు చక్రం, ఎదురుగా కనిపించే అశోక చక్రం. గుండ్రంగా ఉంటే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు.

రెండో దారి కోత. బొమ్మ ఆకారం చెడకుండా అన్ని వైపులా సమానంగా పెంచటం. వెడల్పు 1920 అయ్యేదాకా పెంచితే ఎత్తు 1440 అవుతుంది. తెర ఎత్తు 1080. మిగతా 360 తెర బయటికి పోతుంది. అంటే బొమ్మలో సరిగ్గా పావు వంతు. వెడల్పులో ఏమీ పోదు. పోయేదంతా పైనా కిందా. ఇది చాలామందికి తట్టదు. తెర వెడల్పయింది కదా, ఎక్కువ కనిపిస్తుందనుకుంటారు. నిజానికి పావు వంతు తక్కువ కనిపిస్తుంది.

నేను ఈ దారి పట్టాను. మనుషులు లావెక్కలేదు, జెండా బాగుంది, తెర నిండింది. ఒక్క ఇబ్బంది, పైన బ్యానరు తెగింది. సంఘం పేరు తెగితే ఎలా? వెనక వరుసలో ఇద్దరు హవల్దార్ల తలలు కూడా సగానికి తెగుతున్నాయి. అందుకని బొమ్మని కిందికి జరిపి, కోత మొత్తం అడుగు భాగానికి నెట్టాను. బ్యానరు వచ్చింది, తలలు వచ్చాయి, కుర్చీల్లో పెద్దలందరూ నిండుగా వచ్చారు. ఒక్కో షాటు చూసుకోకుండా అదే సెట్టింగు మొత్తం టేపుకి పెట్టేసి రాత్రికి రాత్రి తయారు చేశాను. పని బాగా కుదిరిందనే అనుకున్నాను.

ఆ సంవత్సరం సభకి ఒక తల్లీ కూతురూ విజయనగరం జిల్లా నుంచి వచ్చారు. ఆమె భర్త 1997లో ఇక్కడ మాతో ఉన్న సిపాయి, లైన్‌మన్. పేరు చెప్పను, వాళ్ళకి పేరు అచ్చులో పడటం ఇష్టం ఉండదు. 1999లో ఆపరేషన్ విజయ్‌లో తెగిన లైను కలపడానికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి పాప కడుపులో ఉంది. తండ్రిని ఫోటోల్లో చూసిందే గానీ, కదులుతూ ఎప్పుడూ చూడలేదు. 1997 టేపు వేస్తున్నారని ఎవరో చెబితే అంత దూరం రెండు రైళ్ళు మారి వచ్చారు.

హాల్లో లైట్లు ఆర్పారు. టేపు నడిచింది. గ్రూపు వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. "అదిగో ఎస్.ఎం. సాబ్, అదిగో ఫలానా హవల్దార్" అని వేళ్ళు చూపిస్తున్నారు. లైట్లు వేశాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల. మెల్లగా అడిగింది: "బాబాయ్ గారూ, మా నాన్న ఆ రోజు రాలేదా?"

వచ్చాడు. జంపఖానా మీద ఎడమ నుంచి మూడోవాడు. నేను బ్యానరు కోసం కింద పావు వంతు కోసేశాను గదా, ఆ పావు వంతులో ఉన్నాడు. తెర అడుగు అంచున నాలుగైదు తలల మీది జుట్టు మాత్రం మిగిలింది. అందులో ఒక జుట్టు వాడిది. నేనే తీశాను, నేనే కోశాను. ఆ పిల్లకి ఏం చెప్పాలో నాకు నోట మాట రాలేదు.

నా అదృష్టం ఏమిటంటే, కంప్యూటర్లోకి ఎక్కించిన అసలు ఫైలు నేను చెరిపెయ్యలేదు. ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఆ రాత్రి గెస్ట్‌రూములో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, రెండు పక్కలా నల్ల పట్టీలతోనే అసలు బొమ్మ వేశాను. ఒళ్ళో పచ్చడి కప్పు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కవాడు ఏదో అంటే తల తిప్పి నవ్వాడు, మళ్ళీ కెమెరా వైపు చూసి సర్దుకున్నాడు. అంతే, 11 సెకన్లు. ఆ అమ్మాయి మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. వాళ్ళమ్మ ఒక్కటే మాట అంది: "ఆయన ఎప్పుడూ కిందే కూర్చునేవారు అన్నయ్యగారూ. కుర్చీ ఇస్తే సిగ్గుపడిపోయేవారు."

పక్కన నల్ల పట్టీలున్నాయని ఆ తల్లి గానీ కూతురు గానీ అనలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. అదే ఈవేళ మీకు చెప్పడానికి వచ్చాను. సాఫ్ట్‌వేర్ ఏదైనా సంగతి ఒకటే. నేను ఇప్పుడు వాడేది షాట్‌కట్, డబ్బు కట్టక్కర్లేదు, మామూలు విండోస్ కంప్యూటర్లో నడుస్తుంది.

మొదటి పని, ఎడిటింగు మొదలుపెట్టే ముందే సెట్టింగ్స్‌లో వీడియో మోడ్‌ని 1080 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు అని పెట్టండి. మన దేశంలో పాత టేపులు పాల్ పద్ధతివి, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికాలో ఉన్న బంధువులు పంపిన టేపులు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి కావచ్చు, వాటికి 29.97. రెండూ కలిపి కుట్టేస్తే కదలిక కుదుపులుగా వస్తుంది. వాటిని వేరేగా చెయ్యండి.

రెండోది, ఫైలుని తెరిచి ప్రాపర్టీస్‌లో యాస్పెక్ట్ రేషియో చూడండి. పాల్ టేపు కంప్యూటర్లోకి వస్తే 720 బై 576 అని కనిపిస్తుంది. 720ని 576తో భాగించండి, 1.25 వస్తుంది. 4ని 3తో భాగిస్తే 1.33. తేడా ఉంది కదా! ఎందుకంటే టేపు చుక్కలు చదరంగా ఉండవు, కాస్త అడ్డంగా పరిచినట్టుంటాయి. కంప్యూటరుకి ఆ సంగతి తెలియకపోతే మనుషులు కొంచెం సన్నబడి పొడుగవుతారు. అక్కడ 4:3 అని ఉందో లేదో చూసి, లేకపోతే మీరే రాయండి.

మూడోది, గీతల సంగతి. పాత టి.వి. ఒక బొమ్మని రెండు విడతలుగా గీస్తుంది. ముందు ఒక వరుస విడిచి ఒక వరుస, తర్వాత మిగిలిన వరుసలు. అలా సెకనుకి 50 సగం బొమ్మలు. దాన్ని ఇంటర్‌లేస్డ్ అంటారు. ఇది విప్పకుండా బొమ్మని పెంచితే, ఎవరైనా చెయ్యి ఊపినప్పుడు చేతికి దువ్వెన పళ్ళలాగా గీతలు వస్తాయి. ప్రాపర్టీస్‌లో స్కాన్ మోడ్ ఇంటర్‌లేస్డ్ అని ఉండాలి. ఏ వరుస ముందు అన్నది తప్పుగా పడితే కదలిక వెనక్కీ ముందుకీ వణుకుతుంది. కవాతు షాటు ఒకటి పెట్టి చూసుకోండి, చేతుల కదలికలో ఇట్టే తెలిసిపోతుంది.

నాలుగోది అసలు పని. ఫిల్టర్స్‌లో 'సైజ్, పొజిషన్ అండ్ రొటేట్' అని ఉంటుంది. దాంట్లో మూడు మాటలు కనిపిస్తాయి: ఫిట్, ఫిల్, డిస్టార్ట్. ఫిట్ అంటే ఇమిడించటం, ఫిల్ అంటే కోసి నింపటం, డిస్టార్ట్ అంటే సాగదీయటం. మూడోదానికి ఆ పేరు సాఫ్ట్‌వేర్ వాళ్ళే పెట్టారు, నేను పెట్టలేదు! డిస్టార్ట్ అంటే వికారం చెయ్యటమని వాళ్ళే ఒప్పుకున్నాక మనం అది నొక్కటమెందుకు? మీరు ఫిట్ పెట్టండి. రెండు పక్కలా నల్ల పట్టీలతో బొమ్మ మొత్తం వస్తుంది. డావిన్చీ రిజాల్వ్ వాడేవాళ్ళు ఇమేజ్ స్కేలింగ్‌లో 'స్కేల్ ఎంటైర్ ఇమేజ్ టు ఫిట్' ఎంచుకోండి. అదీ ఇదీ ఒకటే.

బొమ్మ స్పష్టత లెక్కలో కూడా ఇదే లాభం. ఫిట్ పెడితే 576 గీతలు 1080 అవుతాయి, రెట్టింపు కూడా కాదు. కోస్తే మిగిలేది 432 గీతలు. వాటిని 1080కి లాగితే రెండున్నర రెట్లు. వి.హెచ్.ఎస్. బొమ్మ అసలే మసక, ఇంకా మసకవుతుంది. నింపిన తెర కంటే ఇమిడిన బొమ్మే తేటగా ఉంటుంది.

మరి నల్ల పట్టీలు బాగాలేవు అనేవాళ్ళకి? అదే బొమ్మని మసకగా పెంచి వెనక పరిచే ఫిల్టరు ఉంది, 'బ్లర్: ప్యాడ్' అంటారు. పెళ్ళి వీడియోల్లో చూసే ఉంటారు. కావాలంటే పెట్టుకోండి, మనుషులెవరికీ నష్టం లేదు. నాకైతే అవి పక్కన కదులుతుంటే కన్ను అటు లాగుతుంది. నేను నలుపే ఉంచుతాను. ఈ మధ్య ఏ.ఐ. వచ్చింది, పక్క ఖాళీలో లేని గోడనీ, లేని చెట్టునీ గీసి నింపేస్తుంది. ఒక్కోసారి లేని మనిషిని కూడా తెచ్చి నిలబెడుతుంది. సరదా వీడియోకి సరే. మన గ్రూపులో మాత్రం ఆ రోజు లేనివాడిని నిలబెట్టొద్దు.

కోత ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. న్యాయంగా చెప్పాలి. వేదిక మీద ఒక్కరే నిలబడి మాట్లాడుతుంటే, తల మీద బోలెడు పరదా, కింద బల్ల గుడ్డ ఉంటే, ఫిల్ పెట్టి కోసినా ఏమీ పోదు. కానీ ఆ షాటు వరకే. పక్క షాటు మొదలయ్యే చోట ముక్క చేసి, దానికి వేరే లెక్క చూసుకోండి. కెమెరా కదిలే షాటులో పక్కనున్న గడియారం గుర్తు నొక్కి కీఫ్రేములు పెట్టి, బొమ్మని మెల్లగా పైకీ కిందికీ జరపొచ్చు. ఓపిక ఉండాలి. మొత్తం టేపుకి ఒకే హుకుం మాత్రం ఇవ్వొద్దు. నా తప్పు అదే.

ఇంకా రెండు రకాలు తగులుతాయి. 2000 తర్వాత వచ్చిన కొన్ని మినీ డి.వి. కెమెరాల్లో వైడ్ అనే మీట ఉండేది. కొన్నిటిలో అది నొక్కితే వెడల్పు బొమ్మని అదే 720 బై 576లో ఇరికించి రాసేది. అది 4:3లో వేస్తే అందరూ వెదురు బొంగుల్లా ఉంటారు. దానికి ప్రాపర్టీస్‌లో 16:9 అని రాస్తే చాలు, తెర నిండా సరిగ్గా వస్తుంది. మరి కొన్నిటిలో పైనా కిందా నల్ల పట్టీలు టేపు మీదే పడి ఉంటాయి. అక్కడ ఫిల్ పెట్టొచ్చు, తెగేది నలుపే. అందుకే పని మొదలుపెట్టే ముందు ప్రతి టేపూ ఐదు నిమిషాలు చూడండి. గుండ్రటి వస్తువు పరీక్ష చెయ్యండి.

వి.హెచ్.ఎస్. టేపులో అట్టడుగున కొన్ని గీతలు వణుకుతూ ఉంటాయి. పాత టి.వి.లు అంచులు దాచేసేవి గనక మనకి కనిపించేవి కావు. కంప్యూటర్లో కనిపిస్తాయి. భయపడి కింద భాగమంతా కొయ్యకండి, ఆ కొన్ని గీతల మీద మాత్రం నల్ల పట్టీ వెయ్యండి.

ఇదంతా అక్కర్లేకుండా ఒక్కోసారి రిమోటుతోనే పని అయిపోతుంది. టి.వి. రిమోటులో పిక్చర్ సైజ్ అనో, యాస్పెక్ట్ అనో ఉంటుంది. ఇంట్లో ఎవరో వైడ్ నొక్కి వదిలేస్తే, మనం జాగ్రత్తగా చేసిన 4:3 ఫైలు కూడా సాగిపోయి కనిపించొచ్చు. కంప్యూటర్లో వి.ఎల్.సి. వాడేవాళ్ళు 'ఎ' అక్షరం నొక్కితే కొలతలు మారుతూ ఉంటాయి. ముందు అవి చూసుకుని, ఆ తర్వాతే వీడియో పాడైందనుకోండి.

ఇక కమిటీ వారికి నా అర్జీ. ఈ ట్రంకు పెట్టె ఖాళీ చెయ్యొద్దు.

31 టేపుల్లో సుమారు 50 గంటల వీడియో ఉంటుందనుకుందాం. డి.వి. పద్ధతిలో ఎక్కిస్తే గంటకి 13 జి.బి. చొప్పున 650 జి.బి. ఒక టి.బి. డిస్కులో మొత్తం సంఘం చరిత్ర పడుతుంది. రెండు డిస్కులు కొనండి. ఒకటి ఇక్కడ ఆఫీసు అల్మారాలో, రెండోది వేరే ఊళ్ళో ఒక సభ్యుడి ఇంట్లో. వాటిలో ఉండేది కొయ్యని, సాగదీయని అసలు బొమ్మ. టి.వి.లో వేసుకోవడానికి తయారుచేసేది దాని నకలు. నకలు పాడైతే మళ్ళీ చేసుకోవచ్చు. అసలు పోతే ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వదు. సిగ్నల్స్‌లో మొదటి పాఠం ఇదే కదా, సందేశం పంపేశామని అసలు కాగితం చింపెయ్యం.

టేపులు కూడా ఉంచండి. నిలువుగా, పుస్తకాల్లాగా పేర్చండి. కిటికీలోంచి చూస్తే లోపల తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని వి.సి.ఆర్.లో పెట్టొద్దు, ఆ బూజు మిషనుకి అంటుకుని మిగతా టేపులకి కూడా పాకుతుంది. వాటిని వేరేగా తీసి, శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్ళకి ఇవ్వండి. పని తొందరగా మొదలుపెట్టండి. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వి.సి.ఆర్.ల తయారీ ఆపేసింది. కొత్త మిషన్లు రావు. ఉన్నవాటినే బాగుచేసుకుంటూ వాడాలి.

ఇంకొక్క పని. ప్రతి టేపులో గ్రూపు వచ్చిన చోట ఆపి, ఒక కాగితం మీద వరుసవారీగా పేర్లు రాయండి. కుర్చీల వరుస అందరికీ గుర్తుంటుంది. ముందు జంపఖానా మీద వరుసతో మొదలుపెట్టండి. వాళ్ళని గుర్తుపట్టేవాళ్ళు ఇంకా ఈ హాల్లో ఉన్నారు. పదేళ్ళ తర్వాత ఉంటారో ఉండరో.

మనం డ్రిల్లులో నేర్చుకున్నాం, వరుసలో నిలబడ్డాక ఏ ఒక్కడి చోటూ ఖాళీ ఉండకూడదని. రోల్ కాల్‌లో పేరు పలికితే హాజరని పలకాలి. ఆ 1997 టేపులో ఆ కుర్రాడు హాజరయ్యే ఉన్నాడు. గైర్‌హాజర్ చేసింది నేను. మీరు అలా చెయ్యకండి. పక్కన రెండు నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

సభ అయ్యాక ఒక టేపు తీసి ఈ టి.వి. మీదే చేసి చూపిస్తాను. కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు నోటు పుస్తకాలతో ముందుకి రండి. నేర్చుకుంటే మిగతా 30 మీరే చెయ్యొచ్చు.

 సెలవు. జైహింద్.

- సుబేదార్ (రిటైర్డ్), కోర్ ఆఫ్ సిగ్నల్స్